మిగిలిపోయిన సింగపూర్ డాలర్లు, దిర్హాములు విశాఖలో ఎలా మార్చుకుంటే నష్టం తగ్గుతుంది?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయిని, ఎం.వి.పి. కాలనీ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. నేనూ మా వారూ అక్కడ రెండు నెలలు ఉండి, గత వారమే విశాఖకు తిరిగి వచ్చాము. సామాను సర్దుతూ చూసుకుంటే 430 సింగపూర్ డాలర్ల నోట్లు, మరో 9 డాలర్ల వరకు నాణేలు మిగిలాయి. వాటిని దాచడానికి బీరువాలోని పాత కవరు తీస్తే, రెండేళ్ల క్రితం మా మరిది గారి గృహప్రవేశానికి దుబాయి వెళ్లినప్పుడు మిగిలిన 700 దిర్హాములు, 2014లో మా వారు ఆఫీసు పని మీద లండన్ వెళ్లి తెచ్చిన మూడు ఇరవై పౌండ్ల నోట్లు కూడా కనిపించాయి. అన్నీ కలిపి ఒకేసారి రూపాయల్లోకి మార్చేసి, ఆ సొమ్మును బ్యాంకులో వేసుకుందామని అనుకున్నాము.

అయితే అడిగిన ప్రతి చోటా ఒక్కో ధర చెబుతున్నారు. తిరుగు ప్రయాణంలో ఒక విమానాశ్రయంలోని కౌంటర్‌లో అడిగితే సింగపూర్ డాలరుకు 61 రూపాయలు ఇస్తామన్నారు. ఆ రోజు ఇంటర్నెట్‌లో చూస్తే 68 రూపాయలు ఉంది. మా ఖాతా ఉన్న బ్యాంకు శాఖకు వెళ్తే, ఈ శాఖలో విదేశీ నోట్లు తీసుకోమని, పెద్ద శాఖలో విచారించమని చెప్పారు. ద్వారకానగర్‌లోని ఒక మనీ ఛేంజర్‌కు ఫోన్ చేస్తే సింగపూర్ డాలరుకు 66 రూపాయల 20 పైసలు, దిర్హాముకు 22 రూపాయల 60 పైసలు ఇస్తామని, కమిషన్ ఏమీ ఉండదని చెప్పారు. పౌండ్ నోట్ల మాట ఎత్తగానే, అవి కాగితపు నోట్లయితే చెల్లవని అన్నారు.

ఇంటర్నెట్‌లో కనిపించే ధర మనకు ఎందుకు రాదు? వాళ్లు చెప్పిన ధర న్యాయమైనదో కాదో మా వంటివారు ఎలా తేల్చుకోవాలి? రూపాయి విలువ తగ్గుతోందని వార్తల్లో వింటున్నాము కనుక కొన్నాళ్లు ఆగితే మేలా? పౌండ్ల మీద ఆశ వదులుకోవలసిందేనా? ఇది చాలా పెద్ద మొత్తం కాకపోయినా, పింఛను మీద బతికే ఇంట్లో మూడు వేలు తేడా వస్తే అది తేడాయే. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత బ్యాంకు అధికారి, సీతమ్మధార

టీచరు గారూ, నమస్కారం. ఉద్యోగ కాలంలో ఎక్కువ భాగం నేను విదేశీ మారకం విభాగంలోనే పనిచేశాను కనుక, కౌంటర్‌కు అవతలి వైపు నుంచి తెలిసిన విషయాలు చెబుతాను. ముందుగా ఒక ప్రశ్న. మీ అమ్మాయి సింగపూర్‌లోనే ఉంటోంది కదా, మీరు మళ్లీ ఎప్పుడు వెళ్తారు? ఏడాది లోపల వెళ్లే అవకాశం ఉంటే ఆ 430 డాలర్లను అసలు అమ్మకండి. ఈరోజు 66.20కి అమ్మి, మళ్లీ బయలుదేరేటప్పుడు అదే దుకాణంలో కొంటే, మీరు ఇంటర్నెట్‌లో చూసిన మధ్య ధర 68 దగ్గరే నిలిచి ఉన్నా మీకు 69.80కి అటూ ఇటూగా ఇస్తారు. అంటే డాలరుకు 3 రూపాయల 60 పైసల చొప్పున 1,548 రూపాయలు ఊరికే పోతాయి. ఒకే నోటు మీద రెండు సార్లు నష్టపోవడం కంటే ఎక్కువ ఖర్చయ్యే తప్పు ఈ వ్యవహారంలో మరొకటి లేదు. దీని తరువాతే రేట్ల గురించి ఆలోచించాలి.

ఇంటర్నెట్‌లో కనిపించేది బ్యాంకులు తమలో తాము కోట్ల మొత్తాల్లో కొని అమ్ముకునే ధరల నడిమి విలువ, అంటే మధ్య ధర. అది ఎవరూ ఎవరికీ చేతికిచ్చే ధర కాదు, కొలవడానికి పనికివచ్చే గజంబద్ద మాత్రమే. బ్యాంకు రోజూ ప్రకటించే పట్టికలో కూడా ఒకే కరెన్సీకి అనేక ధరలుంటాయి. విదేశం నుంచి ఖాతాకు నేరుగా వచ్చే సొమ్ముకు ఇచ్చే టి.టి. బయింగ్ రేటు ఎక్కువగాను, చేతిలోని నోటుకు ఇచ్చే కరెన్సీ బయింగ్ రేటు తక్కువగాను ఉంటాయి. నోటును లెక్కపెట్టాలి, నకిలీ కాదని పరీక్షించాలి, ఇనప్పెట్టెలో భద్రపరచాలి, బీమా చేయించాలి, చివరికి కొనేవారు దొరక్కపోతే పెద్ద నగరంలోని టోకు వ్యాపారికి పంపాలి. అంతవరకు దాని మీద పెట్టిన రూపాయలకు వడ్డీ ఉండదు. ఈ ఖర్చంతా ఆ తేడాలోనే ఇమిడి ఉంటుంది కనుక, కొంత తగ్గింపు న్యాయమే. ఎంత తగ్గింపు న్యాయం అన్నదే మీరు చూసుకోవలసిన విషయం.

దానికి పైసల్లో కాక శాతంలో లెక్క వేసుకోండి. మధ్య ధరలోంచి వాళ్లు చెప్పిన ధరను తీసేసి, మిగిలినదాన్ని మధ్య ధరతో భాగించి, నూటితో హెచ్చించండి. విమానాశ్రయంలో చెప్పిన 61 రూపాయలకు ఈ లెక్క వేస్తే 10 శాతానికి పైగా నష్టం తేలుతుంది. మీ 430 డాలర్ల మీద అది 3,010 రూపాయలు. ద్వారకానగర్‌లో చెప్పిన ధరకు నష్టం 2.6 శాతం, అంటే 774 రూపాయలు. అమెరికా డాలరు, సింగపూర్ డాలరు వంటి బాగా చెలామణి అయ్యే నోట్లకు రెండు శాతం, ఆ పైన కొంచెం తగ్గితే నేనైతే అభ్యంతరం చెప్పను. మూడు దాటితే ఇంకో దుకాణానికి వెళ్తాను. విమానాశ్రయంలో కౌంటర్ అద్దె ఎక్కువ, వచ్చేవారికి పక్క దుకాణంలో అడిగే వీలు తక్కువ కనుక అక్కడ ధర ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆటో ఖర్చులకు సరిపడా మాత్రమే అక్కడ మార్చాలి.

ఇప్పుడు మీ దిర్హాముల సంగతి. ఇక్కడ మీరు గట్టిగా బేరమాడాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ తన దిర్హామును 1997 నుంచి అమెరికా డాలరుకు 3.6725 చొప్పున కట్టివేసి ఉంచింది. అందుచేత దిర్హాము విలువ తెలుసుకోవడానికి వేరే చోట వెతకనవసరం లేదు. ఆ రోజు డాలరు మధ్య ధరను 3.6725తో భాగిస్తే చాలు. డాలరు 88 రూపాయలనుకుంటే దిర్హాము 23 రూపాయల 96 పైసలు. మీకు చెప్పినది 22.60 కనుక నష్టం 5.7 శాతం, అంటే 700 దిర్హాముల మీద 952 రూపాయలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలవారు కూడా ఇది చదువుతూ ఉంటే వారి కోసం చెబుతున్నాను. సౌదీ రియాల్ డాలరుకు 3.75 చొప్పున, ఖతార్ రియాల్ 3.64 చొప్పున ఇలాగే స్థిరంగా ఉంటాయి, ఒక ఒమన్ రియాల్‌కు 2.6 డాలర్లు. కువైట్ దినార్ మాత్రం 2007 నుంచి కొన్ని కరెన్సీల సమాహారంతో ముడిపడి ఉంది కనుక దానికి ఈ లెక్క పనికిరాదు.

సింగపూర్ డాలరుకు మంచి ధర, దిర్హాముకు తక్కువ ధర ఎందుకు చెప్పారంటే, నా అనుభవంలో కారణం గిరాకీయే. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉండడం వల్ల ఆ నోట్లను రేపో ఎల్లుండో కొనేవారు దుకాణానికే వస్తారు. దిర్హాములను తెచ్చి ఇచ్చేవారు ఎక్కువ, కొనుక్కుని వెళ్లేవారు తక్కువ. కాబట్టి ఫోన్‌లో ఒక్క చోట అడిగి ఊరుకోకుండా ద్వారకానగర్, డాబాగార్డెన్స్, సిరిపురం ప్రాంతాల్లో మూడు నాలుగు చోట్ల ఒకే రోజున, వీలైతే ఒకే గంటలో అడగండి. ధరలు పూట పూటకూ మారుతాయి కనుక నిన్నటి ధరను ఈరోజు ధరతో పోల్చకూడదు. అడిగేటప్పుడు మీరు కొంటారో అమ్ముతారో చెప్పకుండా, ఈరోజు కొనే ధర ఎంత, అమ్మే ధర ఎంత అని రెండూ అడగండి. ఆ రెండింటి మధ్య ఎడం ఎంత తక్కువగా ఉంటే ఆ దుకాణం అంత సరసమైనది. కమిషన్ లేదన్న మాటకు విలువ ఇవ్వకండి, లాభం ధరలోనే ఉంటుంది. చివరగా, అన్నీ పోగా నా ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయని ఒక్క అంకె చెప్పించుకోండి.

ఆ అంకెలో జి.ఎస్.టి. కూడా ఉంటుంది. లక్ష రూపాయల లోపు మార్పిడికి అందులో ఒక శాతాన్ని, కనీసం 250 రూపాయలను సేవ విలువగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం పన్ను వేస్తారు. అంటే 25 వేల రూపాయల వరకు ఎంత మార్చినా పన్ను 45 రూపాయలే. వంద రూపాయల విలువైన నోటు ఒకటి తీసుకెళ్లి మార్చినా 45 రూపాయలు పోతాయి కనుక, చిన్న చిన్న మొత్తాలను విడివిడిగా మార్చడం మంచిది కాదు. అలాగని పది, పదిహేను రూపాయల పన్ను తేడా కోసం తక్కువ ధర ఇచ్చే దుకాణాన్ని ఎంచుకోనవసరం లేదు.

కొన్నాళ్లు ఆగడం గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. దీర్ఘకాలంలో రూపాయి డాలరుతో తగ్గుతూ వచ్చిన మాట నిజమే. కానీ మీ దిర్హాముల విలువ మొత్తం 16 వేల పైచిలుకు. ధర ఒక శాతం పెరిగినా కలిసివచ్చేది 160 రూపాయలు. ఈరోజే ఇంకో రెండు దుకాణాల్లో అడిగితే అంతకు మూడింతలు కలిసివస్తుంది. పైగా బీరువాలోని నోటుకు వడ్డీ రాదు, పాత నోట్లను ఆయా దేశాలు రద్దు చేస్తే మీకు తెలియనైనా తెలియదు. మీ పౌండ్లకు జరిగింది అదే. ఒమన్ కూడా 2020కి ముందు నాటి కొన్ని నోట్లను 2024 చివరితో చెలామణి నుంచి తొలగించింది. మళ్లీ వాడుకునే కరెన్సీని దాచుకోండి, వాడనిదాన్ని వెంటనే మార్చేయండి.

జవాబు: నౌకా ఇంజినీరు, గాజువాక

అమ్మా, నమస్కారం. పై పెద్దలు చెప్పిన లెక్క అక్షరాలా నిజం. ఓడ దిగిన ప్రతిసారీ చేతిలో నాలుగైదు దేశాల నోట్లు మిగలడం మాకు మామూలే కనుక, నోటు స్థితి గురించి కొంత చేర్చదలిచాను. మడతలు పడి, చిరుగులతో, పెన్నుతో అంకెలు రాసి, ముద్రలు పడి ఉన్న నోట్లకు కౌంటర్‌లో ధర తగ్గిస్తారు లేదా తీసుకోరు. వంద డాలర్ల నోటుకు ఇచ్చే ధరను ఒకటి, అయిదు డాలర్ల నోట్లకు చాలా చోట్ల ఇవ్వరు. అమెరికా తన పాత నోట్లను రద్దు చేయదు, 1861 తరువాతి నోట్లన్నీ చట్టప్రకారం చెల్లుతాయి. అయినా చిన్న తల బొమ్మ ఉన్న పాత వంద డాలర్ల నోటును చూపిస్తే ఇక్కడి దుకాణాల్లో ధర తగ్గించి అడగడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల నోట్లను మడవకుండా, పెద్దవి వేరు, చిన్నవి వేరుగా పేర్చి తీసుకెళ్లి, ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో ముందే ఫోన్‌లో చెప్పి ధర ఖాయం చేసుకోండి. లేకపోతే అక్కడికి వెళ్లాక ధర మారిపోతుంది. జపాన్ యెన్ వంటివాటికి ధర వంద యెన్‌లకు చెబుతారు, ఒక్క యెన్‌కు అనుకుని లెక్క తప్పకూడదు.

నాణేలను మన ఊరిలో ఏ మనీ ఛేంజరూ కొనడు. నాణేలు తూకం బరువు, పంపే ఖర్చుకు అవి తగవు. అక్కడ ఉండగానే చివరి రెండు రోజుల్లో టీకీ, బస్సుకూ ముందు నాణేలు ఖర్చు పెట్టాలి. మీ అమ్మాయి అక్కడే ఉంది కనుక ఆ సంచీని మళ్లీ వెళ్లినప్పుడు తీసుకెళ్లండి.

ఈసారి సింగపూర్ నుంచి వచ్చేటప్పుడు ఇంకో మార్గం కూడా ఉంది. సెరంగూన్ రోడ్డు పరిసరాల్లో, ముస్తఫా సెంటర్ దగ్గర, రాఫిల్స్ ప్లేస్‌లోని ఆర్కేడ్ భవనంలో మనీ ఛేంజర్లు వరుసగా ఉంటారు. పోటీ వల్ల అక్కడ రూపాయలకు మంచి ధర దొరుకుతుంది. మన దేశానికి తిరిగి వచ్చేవారు ఒక్కొక్కరు 25,000 రూపాయల వరకు భారత కరెన్సీ వెంట తెచ్చుకోవచ్చు. కానీ రెండు వేల నోట్లు ఇస్తే మాత్రం తీసుకోకండి. 2023 మే 19న రిజర్వు బ్యాంకు వాటిని ఉపసంహరించింది. వాటిని ఇప్పుడు మామూలు బ్యాంకు శాఖలో మార్చుకోలేము, రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయాల్లోనే ఇవ్వాలి. మనకు అవి హైదరాబాద్‌లోనో భువనేశ్వర్‌లోనో ఉన్నాయి, లేదంటే పోస్టాఫీసు ద్వారా పంపుకోవాలి. హోటల్‌లో దిగినవారైతే మిగిలిన నగదునంతా బిల్లులో కట్టి, తక్కువ పడినంత మాత్రం కార్డు మీద ఇవ్వడం అన్నిటికన్నా మేలు, ఎందుకంటే అప్పుడు మార్చవలసిన నోటే మిగలదు.

ఇంకొక మాట. మా వీధిలో పిల్లలను అమెరికా చదువులకు పంపేవారు చాలామంది ఉన్నారు. నేను తెచ్చిన డాలర్లను వారికి మధ్య ధరకే ఇచ్చిన సందర్భాలున్నాయి. వారికీ లాభం, నాకూ లాభం. తెలిసినవారిలో సింగపూర్ వెళ్లేవారుంటే మీరూ అలా ఇవ్వవచ్చు.

జవాబు: చార్టర్డ్ అకౌంటెంట్, ద్వారకానగర్

ఇంజినీరు గారి సలహాల్లో చివరిది తప్ప మిగిలినవన్నీ పాటించదగినవే. చివరిది మాత్రం దయచేసి ఎవరూ పాటించవద్దు. 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే మనం ఫెమా అని పిలిచేది, మూడవ సెక్షన్‌లోనే అధీకృత వ్యక్తి కాని వారితో విదేశీ మారకం లావాదేవీ జరపరాదని చెబుతోంది. అధీకృత వ్యక్తి అంటే రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన బ్యాంకు లేదా మనీ ఛేంజర్ అని అర్థం. ఇరుగుపొరుగువారు ఎంత మంచి మనసుతో చేసుకున్నా ఒకరు డాలర్లిచ్చి మరొకరు రూపాయలివ్వడం ఉల్లంఘన కిందికే వస్తుంది. దానికి ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా విధించే అధికారం అదే చట్టంలో ఉంది. రెండు శాతం మిగుల్చుకోవడానికి ఆ ప్రమాదం కొనితెచ్చుకోవడం, అందులోనూ ఆ నోటు నకిలీదని తరువాత తేలితే స్నేహం కూడా పోగొట్టుకోవడం, నాకు ఎంతమాత్రం సమంజసంగా తోచదు. రసీదు ఇవ్వకుండా ఎక్కువ ధర ఇస్తామని చెప్పే ట్రావెల్ ఏజెంట్ల విషయంలోనూ ఇదే నియమం. దుకాణంలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన లైసెన్సు ప్రతి, ఆ రోజు ధరల పట్టిక కనిపించేలా ఉండాలి. అనుమతి పొందినవారి జాబితాను రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్‌లో కూడా ఉంచుతుంది.

టీచరు గారికి ఇంకొక సందేహం రావచ్చు. రెండేళ్ల పాటు దిర్హాములు, పదేళ్లకు పైగా పౌండ్లు ఇంట్లో ఉంచుకోవడం తప్పా అని. తప్పు కాదు. భారతదేశంలో నివసించే వ్యక్తి 2,000 అమెరికా డాలర్ల విలువకు మించకుండా విదేశీ నోట్లను ఎంతకాలమైనా తన దగ్గర ఉంచుకోవచ్చు, నాణేలకైతే పరిమితి లేదు. అంతకు మించినదాన్ని తిరిగి వచ్చిన 180 రోజుల లోపల అధీకృత వ్యక్తికి అప్పగించాలి, లేదా ఆర్.ఎఫ్.సి. డొమెస్టిక్ అనే విదేశీ కరెన్సీ ఖాతాలో వేసుకోవాలి. ఆ ఖాతాలో వడ్డీ రాదు. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటినా విమానాశ్రయంలో దిగినప్పుడే కస్టమ్స్ అధికారులకు ప్రకటించాలి. మీ విషయంలో ఇది వర్తించదు.

దుకాణానికి పాస్‌పోర్టు తీసుకెళ్లండి. 200 డాలర్ల విలువ దాటితే గుర్తింపు పత్రం నకలు వారు తీసుకుని ఉంచాలి. ఇక్కడి నివాసులకు ఒక లావాదేవీలో 1,000 డాలర్ల విలువ వరకే రూపాయలను నగదుగా ఇవ్వవచ్చు. నా సలహా ఏమిటంటే ఎంత చిన్న మొత్తమైనా ఖాతాకే వేయించుకుని, విదేశీ నోట్లు మార్చినట్టు ఇచ్చే ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఆ సొమ్ము ఎక్కడిదని తరువాత ఎవరైనా అడిగితే చూపడానికి అదే ఆధారం.

జవాబు: నౌకా ఇంజినీరు, గాజువాక

అకౌంటెంట్ గారికి కృతజ్ఞతలు. ఇన్నేళ్లుగా సాయం చేస్తున్నాననే అనుకున్నాను తప్ప అది ఉల్లంఘన అవుతుందని నాకు తెలియదు. ఆ సలహాను వెనక్కు తీసుకుంటున్నాను.

జవాబు: లండన్ నుంచి, సొంత ఊరు భీమునిపట్నం

టీచరు గారూ, మీ పౌండ్ల గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఆ నోట్ల వెనుక వైపు ఆడమ్ స్మిత్ బొమ్మ ఉంటే అవి పాత కాగితపు ఇరవై పౌండ్లు. 2020లో టర్నర్ అనే చిత్రకారుడి బొమ్మతో పాలిమర్, అంటే ప్లాస్టిక్ వంటి, నోట్లు వచ్చాక, కాగితపు ఇరవై, యాభై పౌండ్ల నోట్లను 2022 సెప్టెంబరు 30తో చెలామణి నుంచి తీసేశారు. పది పౌండ్ల కాగితపు నోట్లు 2018 మార్చిలోనే, అయిదు పౌండ్లవి 2017 మేలోనే పోయాయి. అందుకే విశాఖలో మనీ ఛేంజర్ తీసుకోలేదు, అతను అన్నది అతని వరకు సరైనదే. కానీ ఆ నోట్ల విలువ పోలేదు. తాను ముద్రించిన ఏ పాత నోటుకైనా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ కాలపరిమితి లేకుండా కొత్త సొమ్ము ఇస్తుంది. లండన్‌లో థ్రెడ్‌నీడిల్ వీధిలోని ఆ బ్యాంకు కౌంటర్‌లో మార్చుకోవచ్చు, ఎంపిక చేసిన కొన్ని పోస్టాఫీసుల్లోనూ గుర్తింపు కార్డు చూపి రెండేళ్లకు 300 పౌండ్ల వరకు మార్చుకోవచ్చు.

పోస్టులో పంపే సదుపాయం కూడా ఉంది కానీ, దారిలో పోతే బాధ్యత పంపినవారిదే. మూడు నోట్ల కోసం ఆ దారి తొక్కమని నేను చెప్పను. ఈరోజు ధరలో 60 పౌండ్లంటే సుమారు 7 వేల రూపాయలు కనుక, సగం ధరకు కొంటామని ఎవరైనా అన్నా ఇవ్వకండి. కాలపరిమితి లేదు కాబట్టి తొందరా లేదు. మీ వారు ఎప్పుడైనా మళ్లీ ఇటు వచ్చినప్పుడు వెంట తెచ్చుకుంటే సరిపోతుంది. ఎలిజబెత్ రాణి బొమ్మ ఉన్న పాలిమర్ నోట్లు ఇప్పటికీ చెల్లుతాయి, చార్లెస్ రాజు బొమ్మతో కొత్తవి వచ్చాయని కంగారు పడి వాటిని తక్కువకు అమ్ముకోవద్దు. స్కాట్లాండ్ బ్యాంకులు ముద్రించిన పౌండ్ నోట్లు ఎవరి దగ్గరైనా ఉంటే మాత్రం ఇక్కడ ఉండగానే ఖర్చు పెట్టడం మంచిది, మన వైపు కౌంటర్లలో వాటిని తీసుకోవడానికి చాలామంది వెనుకాడతారు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయిని, ఎం.వి.పి. కాలనీ

ఇంత ఓపికగా వివరించిన అందరికీ మా ఇద్దరి తరఫున కృతజ్ఞతలు. నిన్న ఉదయం పదకొండు గంటలకు కాగితం మీద లెక్క రాసుకుని కూర్చున్నాను. సీతమ్మధార పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న దగ్గరే సగం సమస్య తీరిపోయింది. మా అమ్మాయికి మార్గశిర మాసంలో పురుడు. నేను నవంబరులోనే మళ్లీ సింగపూర్ వెళ్లాలి. వెళ్లడానికి టిక్కెట్టు కూడా చూస్తున్న నేను ఆ డాలర్లను అమ్ముదామని ఎలా అనుకున్నానో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది. 430 డాలర్లనూ, నాణేల సంచీనీ పాస్‌పోర్టుతో పాటు అదే కవరులో పెట్టాను.

దిర్హాముల కోసం నాలుగు చోట్లకు ఫోన్ చేసి, కొనే ధర, అమ్మే ధర రెండూ అడిగాను. ఆ రోజు డాలరు ధర కూడా 88 దగ్గరే ఉంది. ఇద్దరు 22.60కి అటూ ఇటూగా చెప్పారు. ఒకరు 22.90 అన్నారు. డాబాగార్డెన్స్‌లోని నాలుగో దుకాణంలో 23 రూపాయలు అన్నప్పుడు, డాలరును 3.6725తో భాగించిన లెక్క చెప్పి, 23.96 రావలసినచోట ఇంత తగ్గిస్తే ఎలాగని అడిగాను. అవతలివారు కాసేపు ఆగి, నోట్లు శుభ్రంగా ఉంటే 23.25 ఇస్తామన్నారు. మా వారు, నేను కలిసి వెళ్లాము. ఆరు వంద దిర్హాముల నోట్లు, రెండు యాభైలు మడత లేకుండా ఉన్నాయి. గోడ మీద లైసెన్సు ప్రతి, ధరల పట్టిక ఉన్నాయి. పాస్‌పోర్టు నకలు తీసుకుని, 16,275 రూపాయలకు బిల్లు వేసి, జి.ఎస్.టి. 45 రూపాయలు పోగా 16,230 రూపాయలు సాయంత్రానికి ఖాతాలో వేశారు. మొదట చెప్పిన ధరకు ఒప్పుకుని ఉంటే 455 రూపాయలు తక్కువ వచ్చేవి. ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చారు.

పౌండ్ నోట్ల వెనుక ఆడమ్ స్మిత్ బొమ్మే ఉంది. భీమిలి బాబూ, ఆ మాట చెప్పగానే మా వారి ముఖం వెలిగింది, చెల్లవన్న రోజు నుంచి ఆయన వాటిని పారేద్దామనే అంటున్నారు. ఇప్పుడు వాటిని వేరే కవరులో పెట్టి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో ఎప్పుడైనా మార్చుకోవచ్చని పైన తెలుగులో రాసి బీరువాలో ఉంచాము. నవంబరులో సింగపూర్ వెళ్లినప్పుడు సెరంగూన్ రోడ్డులో రూపాయల ధర ఎంత ఉందో, తేడా ఎంత కలిసివచ్చిందో చూసి ఇక్కడే తెలియజేస్తాను.